గట్టుమీది గాలము

కృష్ణానది తెలంగాణములో ప్రవేశించిన తరువాత దానిపై కట్టిన మొదటి పెద్ద ఆనకట్ట జూరాల. 1981లో దీనికి శంకుస్థాపన జరిగినది. 1995లో ప్రారంభోత్సవము జరిగినది. అమరచింత ప్రాంతపు మత్స్యకారులు ఈ జలాశయములో పుట్టి వేసికొని పోయి వలలు విడుతురు. పుట్టియు వలయు లేని కళాశాల విద్యార్థి ఒక గాలము, ఒక బెండు, కొంత తంగూసు దారము, నాలుగు ఎర్రలు తీసికొని సెలవునాడు గట్టున కూర్చుండినచో చేప దొరకునా? దొరకును. అతడు చేపవద్దకు పోనక్కరలేదు. చేపయే గట్టువద్దకు వచ్చు వేళలు కలవు.

నడిమి లోతులలో సూర్యరశ్మి అడుగువరకు చేరదు. ఒడ్డున చేరును. అందుచేత అచట నాచు, నీటిమొక్కలు పెరుగును. వాటిని ఆశ్రయించి పురుగులు, నత్తలు, చిన్నచేపలు బ్రతుకును. పెద్దచేపలు వీటికొరకే వచ్చును. అయితే ఎండకాలపు మధ్యాహ్నము పలుచని నీరు వేడెక్కును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగియుండగా, 30 డిగ్రీల వద్ద 7½ మిల్లీగ్రాములు మాత్రమే కరగును. మనము పీల్చు గాలిలో లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాములు కలదు! ఇంత కొద్దిపాటి ఆమ్లజనితో బ్రతుకు ప్రాణికి ఆ ఒకటిన్నర మిల్లీగ్రాము తక్కువది కాదు. కావున అది పగలు లోతునకు పోయి, సాయంకాలము చల్లబడిన పిదప ఒడ్డుకు వచ్చును. ప్రాతఃకాలమును మంచిదే. కాని నాచు దట్టముగానున్న చెరువులో మొక్కలు రాత్రియంతయు ఆమ్లజనిని వాడుకొనును గనుక, తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గియుండును. అట్టిచోట ప్రొద్దెక్కువరకు ఆగుట మేలు.

గాలివాటమును గూడ చూడవలెను. వానకాలములో పడమటిగాలి పైనీటిని, దానితోపాటు సూక్ష్మజీవులను, రాలిన పురుగులను తూర్పుగట్టుకు నెట్టును. ముఖమునకు గాలి కొట్టుచోట గాలము విసరుట కష్టమే. అయినను చేపలకు ఆహారము చేరునది అచటనే.

ఇక చేప మనలను ఎట్లు చూచును? గిన్నెలో నాణెము వేసి నీరు పోసినచో అది పైకి లేచినట్లు కనబడునని ఉపాధ్యాయులు తరగతిలో చూపుదురు. ఆ వక్రీభవనమే ఇచటను పనిచేయును. నీటిపైనున్న లోకమంతయు చేపకు తలపైనున్న గుండ్రని కిటికీలో ఇమిడి కనబడును. చేప ఒక మీటరు లోతున ఉన్నచో ఆ కిటికీ వ్యాసము సుమారు రెండుంబావు మీటర్లు. నిలువుగా నిలిచినవాడు అందులో స్పష్టముగా తోచును; నీటికి దూరముగా, క్రిందుగా కూర్చున్నవాడు కిటికీ అంచున నలిగి, సన్నని గీతవలె కనబడును.

మాటాడినచో చేపలు బెదరునని పెద్దలు కసరుదురు. ఇది కొంత అతిశయోక్తి. గాలిలోని ధ్వని చాలవరకు నీటి ఉపరితలము తాకి వెనుదిరుగును. అడుగుల చప్పుడు అట్లుగాదు; అది నేలగుండా నేరుగా నీటిలోనికి పోవును. చేప ప్రక్కల పొడుగునను ఉండు పార్శ్వరేఖ నీటి కదలికలను పసిగట్టును. బొచ్చె, రవ్వ, జెల్ల మొదలగు వాటిలో గాలితిత్తిని లోపలిచెవితో కలుపు చిన్న ఎముకల వరుస గలదు. 1820లో వెబరు అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. ముచ్చటలాడవచ్చును, గంతులు వేయరాదు.

ఎరను నోరు చూచి నిర్ణయింపవలెను. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటి సూక్ష్మజీవులను తినును గాన, అడుగున పడిన ఎర్ర దానికి పనికిరాదు. జెల్ల మీసములపై రుచి తెలియు కణములు కలవు; చీకటిలోనైనను అది అడుగుననున్న ఎర్రను కనుగొనును. కొర్రమీను బ్రతికిన చిన్నచేపను కోరును. దానికి మొప్పలేగాక గాలి పీల్చు అవయవముగూడ కలదు. మాటిమాటికి నీటిపైకి వచ్చి బుడగ విడుచుటవలన దాని చోటు ఇట్టే తెలియును. నీటిపై ఎర్రని పిల్లల గుంపు కదలుచున్నచో క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచున్నవని గ్రహింపవలెను. అప్పుడు వాటిని పట్టినచో పిల్లలు ఇతర చేపల పాలగును. చెరువులలోను జలాశయములోను చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘములకు ఉండును; 2016నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా ఇచ్చినది వారికొరకే. ముందుగా వారి నడిగి గాలము వేయుట న్యాయము.

ఆనకట్ట దిగువనున్న బండలు గాలమునకు అనువుగా తోచును. తూములనుండి దూకు నీటిలో ఆమ్లజని మెండు, చేపలును మెండే. కాని అచట కూర్చుండరాదు. అమరచింతలో చినుకు పడకున్నను, మహాబలేశ్వరము వైపు కొండలలో కురిసిన వాన ఆలమట్టి, నారాయణపూరుల మీదుగా ఇచటికి వచ్చును. భీమానది వరదయు ఎగువననే కలియును. గేటు లేచిన కొలది నిమిషములలో బండకును గట్టుకును నడుమ నీరు నిండును. సైరను మ్రోగినచో గాలమును అచటనే విడిచి లేవవలెను. ఈ నీటిలో మొసళ్లును కలవు గనుక చిక్కుకొన్న దారమునకై లోనికి దిగరాదు. గేట్లన్నియు మూసియున్నవి గదా యని ధైర్యపడుటకును వీలులేదు. జలవిద్యుత్కేంద్రములో యంత్రములు తిరుగ నారంభించినను దిగువ నీరు పెరుగును.