మిశ్రబోధన: పరకాల ప్రాంత విద్యార్థుల అనుభవము

తరగతిగదిలోని ముఖాముఖి బోధనకు అంతర్జాల బోధనను జోడించి, రెంటిని ఒకే పాఠ్యక్రమమున నడుపు పద్ధతిని మిశ్రబోధన యందురు. పేరు క్రొత్తదైనను పద్ధతి మనకు పూర్తిగా క్రొత్తది కాదు. 1982లో హైదరాబాదున ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ముద్రిత పాఠములను విద్యార్థులకు అందించి, అధ్యయన కేంద్రములలో సంపర్క తరగతులు నడిపినది. విద్యార్థి పాఠమును తన వీలుకొలది చదువుకొని, సందేహములతో అధ్యాపకుని కడకు వచ్చుట ఆ పద్ధతిలోని క్రమము.

2020 మార్చిలో కోవిడ్ వలన కళాశాలలు మూతపడగా పాఠములు ఫోనులోనికి మారినవి. 2021 మే నెలలో యు.జి.సి. వెలువరించిన చర్చాపత్రము ఒక్కొక్క కోర్సులో 40 శాతము వరకు అంతర్జాలము ద్వారా బోధింపవచ్చునని సూచించినది. ఆ భాగమున ఏమి చేర్పవలెనన్నదే ఇచ్చట విచార్యము.

హనుమకొండ జిల్లాలోని పరకాలకు చుట్టుప్రక్కల పల్లెలనుండి విద్యార్థులు వత్తురు. వారిలో ప్రత్తి, మిరప పండించు కుటుంబములవారు పెక్కురు. వారితో ముచ్చటింపగా మాకు తెలిసిన విషయములివి: పెక్కిండ్లలో ఫోను ఒక్కటే, అది తండ్రితోబాటు చేనికి పోవును. ఇంట నున్నను, తమ్మునికిని అక్కకును ఒకే వేళ తరగతి యున్నచో అక్కయే విడిచిపెట్టును. ప్రత్తి తీయు దినములలో పగటి తరగతి మాటయే లేదు. సిగ్నలు కొరకు మిద్దె యెక్కవలసినవారును కలరు.

ఛందస్సు పాఠమున ఈ ఇబ్బంది మాకు స్పష్టముగా తెలిసినది. సంయుక్తాక్షరమునకు ముందున్న హ్రస్వము గురువగును. ‘అత్త’ యను మాటలో ఒత్తు వినబడనిచో తొలి యక్షరము లఘువుగా తోచి గణమే మారిపోవును. “అర్థమైనదా?” యని యడుగగా తెరపై వచ్చిన బొటనవ్రేలి గుర్తులను మేము అంగీకారముగా గ్రహించితిమి. కళాశాల తెరచిన పిదప గణవిభజన చేయింపగా మా పొరపాటు తెలిసివచ్చినది. పిమ్మట పద్యపఠనమును చిన్న ధ్వనిముద్రికలుగా పంపితిమి. వానిని రాత్రివేళ పలుమారులు విన్నవారు మరునాడు తరగతిలో ప్రశ్నలు వేసిరి.

కావున మారుమూల ప్రాంతములకు నియతవేళ ప్రత్యక్ష ప్రసారముకంటె, దాచుకొని మరల మరల వినదగిన పాఠమే మేలు. గణవిభజన, చర్చ, సందేహనివృత్తి తరగతిగదికే చెందవలెను. ప్రత్యక్ష ప్రసారమును బట్టి హాజరు లెక్కించుట న్యాయము కాదు. ఆ పట్టికలో సోమరికిని, సిగ్నలు అందనివానికిని ఒకే గుర్తు పడును. ఈ భేదమును గుర్తింపవలసిన బాధ్యత అధ్యాపకులమైన మనది.