కొలత పలికిన సాక్ష్యము

పనిచేయువారి కష్టము పెద్దల చెవి జేరుట యెట్లు? అమెరికా దేశమందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యిందుకు నిదర్శనము.

అచట జీవశాస్త్రాచార్యురాలగు నాన్సీ హాప్కిన్స్ చేపలపై పరిశోధన సల్పుటకై మఱి 200 చదరపుటడుగుల తావు కోరెను. ఆమెకు తావు తక్కువైనదని యధికారులు నమ్మలేదు. అంతట నామె రాత్రివేళ టేపు చేతబట్టి పరిశోధనశాలలను కొలిచి, పురుషులకంటె తనకు తక్కువ తావున్నదని తేల్చెను. 1994లో తోటి యాచార్యురాండ్రతో ముచ్చటింపగా, తనకొక్కతెకే కలిగినదని యెవరికివారు దాచుకొన్న కష్టము అందఱిదియు నని తెలిసెను. 16 మంది కలిసి విజ్ఞానశాఖాధిపతికి విన్నవించుకొనిరి. సంఘ మేర్పడి జీతములను, తావులను, పదవులను విచారించెను. 1999లో నివేదిక వెలువడినప్పుడు అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ పక్షపాతము నిజమేయని వ్రాతపూర్వకముగా నొప్పుకొనెను. పెక్కు లోపములు సవరింపబడెను.

ఒక్కరి మొఱ సణుగుడుగా దోచును. పదుగురి మొఱకు కొలత తోడైనచో నది సాక్ష్యమగును. మన గ్రామసంఘములందును ఎవరేని మొఱపెట్టుకొన్నచో, కాదనుటకు ముందు కొలిచి చూచుట పెద్దఱికము.