ఎయిమ్స్ చెప్పిన రెండు ‘లేదు’లు

ఫిట్స్ వచ్చిన మనిషికి సీటీ స్కాన్ తీస్తే మెదడులో ఒక చిన్న ఉంగరం కనిపిస్తుంది. అడ్డంగా కొలిస్తే రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. 1980లలో స్కానింగ్ యంత్రాలు మన పెద్దాసుపత్రులకు చేరాక ఈ ఉంగరం డాక్టర్లకు తరచూ ఎదురుపడింది. మన దేశంలో గడ్డ అంటే ముందు గుర్తొచ్చేది క్షయే కాబట్టి నెలల తరబడి టీబీ మందులు వాడించారు. కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ తీస్తే ఉంగరం లేదు. మందు గుణమిచ్చిందనుకున్నారు.

వెల్లూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందానికి అనుమానం వచ్చింది. కొందరికి ఆపరేషన్ చేసి ఆ గడ్డను తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. చాలావాటిలో క్షయ జాడ లేదు. ఉన్నది పంది బద్దెపురుగు పిల్ల. మెదడుకు చేరిన ఆ పిల్ల చచ్చిపోతూ చుట్టూ వాపు పుట్టిస్తుంది. ఉంగరం ఆ వాపుదే. టీబీ మందు వేసినా వేయకపోయినా అది చాలామందిలో దానంతట అదే కరిగిపోతుంది. ఈ జబ్బు పేరు న్యూరోసిస్టిసర్కోసిస్.

‘మేం మాంసమే ముట్టం, మాకెలా వస్తుంది?’ అని అడిగేవాళ్లు చాలామంది. నిజానికి సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాడికి వచ్చేది పేగులో బద్దెపురుగు మాత్రమే. అది మీటర్ల కొద్దీ పెరిగినా మనిషికి పెద్దగా తెలియదు. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. ఆరుబయట మలం తిన్న పందికి కండలో తిత్తులు కడతాయి. అవే గుడ్లు కడగని కొత్తిమీర మీదో, వంటమనిషి గోళ్లలోనో ఉండి మన కడుపులోకి వస్తే పందికి పట్టిన గతే మనకూ పడుతుంది. గుడ్ల నుంచి వచ్చిన పురుగు పిల్లలు పేగు గోడ తొలుచుకుని రక్తంలో కలిసి కండకీ, కంటికీ, మెదడుకీ వెళతాయి. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో పంది మాంసం దరిచేరనివ్వని సనాతన యూదు కుటుంబాల్లో ఈ జబ్బు బయటపడితే అక్కడి వైద్యులు నివ్వెరపోయారు. ఆరా తీస్తే దారి లాటిన్ అమెరికా నుంచి వచ్చిన ఇంటి పనివారి దాకా వెళ్లింది. పందులు విచ్చలవిడిగా తిరిగే ప్రాంతాల్లో, ఈ పురుగు పాతుకుపోయిన చోట్ల, మూర్ఛ రోగుల్లో దాదాపు 30 శాతం మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళంచెవి పెట్టే మన అలవాటు ఎంతకీ పోదు గానీ, తినేముందు చేయి కడగమంటే మాత్రం బద్ధకం.

పురుగని తేలాక పురుగుల మందు వేయాలిగా? నులిపురుగుల దినాన బడిపిల్లలకు ఇచ్చే ఆల్బెండజోలే ఇక్కడా మందు, కాకపోతే ఒక్క మాత్రతో అయ్యేది కాదు, రోజుల తరబడి వాడాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.వి. పద్మ, మాధురి బెహరి, జి.కె. అహూజా తదితరులు దాన్ని పరీక్షకు పెట్టారు. ఒకే ఉంగరం ఉన్న రోగుల్లో కొందరికి ఆల్బెండజోల్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితం 1994లో న్యూరాలజీ పత్రికలో అచ్చయింది. రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల ఉంగరాలూ కరిగాయి.

వానల కోసం ఊళ్లో కప్పలకు పెళ్లి చేస్తారు. వారంలో వాన పడితే పుణ్యం కప్పలది. పక్క ఊళ్లో పెళ్లి చేయకుండానే వాన పడిందా అని ఎవరూ అడగరు. అలా అడిగేదే ఈ తరహా పరీక్ష.

అంతటితో కథ ముగియలేదు. 1998లో చండీగఢ్ పీజీఐ వైద్యులు పిల్లల్లో చేసిన పరీక్షలో ఆల్బెండజోల్ వల్ల ఉంగరం త్వరగా పోతుందని తేలింది. అందరి పరీక్షలూ పోగేసి చూశాక ఇవాళ్టి మార్గదర్శకాలు మందువైపే మొగ్గుతున్నాయి, అదీ వాపు తగ్గించే స్టీరాయిడ్‌తో కలిపి. మెదడంతా తిత్తులతో నిండి వాచిపోయినవారికి మాత్రం ఈ మందు ఇవ్వకూడదు. పురుగులన్నీ ఒక్కసారి చస్తే ఆ వాపే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకప్పుడు ‘లేదు’ అన్న జవాబు తర్వాత ‘కొంచెం ఉంది’గా మారినంత మాత్రాన మొదటి పరీక్ష వృథా కాలేదు. ఎంత లాభమో కొలవడం మొదలైంది దానితోనే.

అసలు పందిలోనే దీన్ని ఆపగలిగితే? మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మార్షల్ లైటౌలర్స్ బృందం పందులకు టీకా తయారు చేసింది. కామెరూన్‌లో టీకా, పురుగుల మందు రెండూ పొందిన పందుల్లో ఒక్కదానికీ తిత్తి కట్టలేదు. ఆ టీకాను సిస్‌వ్యాక్స్ పేరుతో తయారు చేస్తున్నది మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. టీకా వల్ల పంది బరువు పెరగదు, ధర పెరగదు, లాభం మనిషి మెదడుకు. మరి పందులు కాసేవాడు సొంత డబ్బుతో ఎందుకు కొంటాడు? ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

ఈ తిత్తులు మెదడు అడుగున రక్తనాళాల పక్కన చేరితే నాళం వాచి, పూడిపోయి పక్షవాతమూ రావచ్చు. అరుదే అయినా ఈ రెండు జబ్బులూ అక్కడ కలుస్తాయి. ఎయిమ్స్‌లో మరోలానూ కలిశాయి. ఆల్బెండజోల్ పరీక్ష చేసిన పద్మే తర్వాత పద్మ శ్రీవాస్తవగా దేశంలో పక్షవాత వైద్యానికి పెద్దదిక్కయ్యారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

పక్షవాతంలో ఎక్కువ భాగం మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్లే. రక్తస్రావం కాదని స్కాన్‌లో రూఢి చేసుకుని, నాలుగున్నర గంటలలోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే మేలు. పెద్ద నాళం మూసుకుపోతే తీగ పంపి గడ్డను లాగేస్తారు, కొందరికి 24 గంటల దాకా కూడా. మూతి వంకర పోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే బయల్దేరాలి. మన రాష్ట్రాల్లో అంబులెన్సుకు 108. పసరు కోసం వెళ్లి వచ్చేసరికి ఆ వ్యవధి దాటిపోతుంది.

దాటిపోయినవాళ్లే ఆశల బజారుకు గిరాకీ. ఎముక మజ్జ నుంచి మూలకణాలు తీసి ఎక్కిస్తే చచ్చుబడ్డ చేయి లేస్తుందని లక్షలు గుంజేవాళ్లున్నారు. దీన్నీ ఎయిమ్స్ పరీక్షకు పెట్టింది. కామేశ్వర్ ప్రసాద్ నాయకత్వంలో అయిదు ఆసుపత్రుల్లో 120 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. సగం మందికి వారి మజ్జ కణాలనే ఎక్కించారు. ఎవరు ఏ గుంపో తెలియనివారు కోలుకున్న తీరును కొలిచారు. 2014లో స్ట్రోక్ పత్రికలో వచ్చిన జవాబు: ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. కణాలు ఎక్కించుకోనివారూ అంతే కోలుకున్నారు. పక్షవాతం తర్వాత మొదటి నెలల్లో శరీరం తనంతట తాను కొంత తేరుకుంటుంది. ఆ సమయంలో ఏ మందు వేసినా, ఏ నూనె రాసినా పేరు దానికే వస్తుంది.

రెండింటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ రెండో ‘లేదు’. పొలం అమ్ముకోబోయే కుటుంబాన్ని ఆపగల జవాబు అది.

ఎవరైనా పక్షవాతానికి మూలకణాల చికిత్స చేస్తామంటే ఒక్క మాట అడగండి: ఇది సీటీఆర్ఐలో నమోదైన పరిశోధనేనా? అయితే నంబరు ఇవ్వండి. భారత వైద్య పరిశోధన మండలి నడిపే ఆ వైద్య పరీక్షల జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా ఇంకా పరిశోధనే. పరిశోధనలో పాల్గొనే రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.