భూఉష్ణ శక్తి: మణుగూరు నుండి సైబరాబాద్ వరకు

‘భూతాపం’ అనే మాట నేటి తెలుగులో వాతావరణం వేడెక్కడం అనే అర్థంలో రూఢమైపోయింది. కనుక భూగర్భపు వేడి నుండి లభించే శక్తిని ‘భూతాప శక్తి’ అంటే అర్థసంకరం తప్పదు. ‘భూఉష్ణ శక్తి’ అనడమే సమంజసం.

ఈ వేడికి ప్రధాన మూలాలు రెండు. భూమి ఏర్పడిన నాటి నుండి ఇంకా చల్లారని వేడి ఒకటి. శిలల్లోని యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మిక క్షయం వల్ల నిత్యం పుట్టే వేడి రెండవది. సాధారణంగా కిలోమీటరు లోతుకు 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రత పెరుగుతుంది. హైటెక్ సిటీ నిలిచిన ధార్వార్ శిలాఫలకం అతి ప్రాచీనమైనది, చల్లనిది. ఇక్కడి గ్రానైట్ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇటువంటి చోట ఆ పెరుగుదల మరింత తక్కువ.

గోదావరి లోయ పరిస్థితి వేరు. అక్కడి భ్రంశాల గుండా లోతుకు దిగిన నీరు వేడెక్కి పైకి వస్తుంది. మణుగూరు సమీపంలోని పగిడేరులో అటువంటి వేడినీటి ఆధారంగానే సింగరేణి ప్రాంతంలో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం ఏర్పడింది. ఆ నీరు టర్బైన్‌ను తిప్పేటంత ఆవిరినివ్వదు. అందుచేత తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే సేంద్రియ ద్రవానికి నీటి వేడిని అందించి, ఆ ద్రవపు ఆవిరితో టర్బైన్‌ను నడుపుతారు. 1904లో ఇటలీలోని లార్డెరెల్లోలో భూఉష్ణ విద్యుత్తుతో వెలిగినవి అయిదు బల్బులే. ఆ దృష్టితో చూస్తే 20 కిలోవాట్లు చిన్న సంగతి కాదు. కాని మాదాపూర్‌లోని ఒక పెద్ద కార్యాలయపు అంతస్తును చల్లబరచడానికైనా అది చాలదు.

సైబరాబాద్ అవసరం వేరు. అద్దాల గోడల భవనాలకు, డేటా కేంద్రాలకు కావలసింది ప్రధానంగా చల్లదనం. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు స్థిరంగా ఉంటుంది. అది స్థానిక వార్షిక సగటుకు, అంటే హైదరాబాద్‌లో సుమారు 27 డిగ్రీలకు, దగ్గరగా ఉంటుంది. మే నెలలో బయట 40 డిగ్రీలున్నప్పుడు, భవనంలోని వేడిని ఆ గాలిలోకి నెట్టడం కంటే బోర్లలో అమర్చిన గొట్టాల ద్వారా నేలలోకి పంపడం సులభం. గ్రానైట్ మంచి ఉష్ణవాహక శిల కావడం ఇక్కడ అనుకూలాంశం. దీనినీ భూఉష్ణ పద్ధతి అనే వ్యవహరిస్తారు గాని, ఆ లోతులోని ఉష్ణోగ్రతను నిర్ణయించేది ప్రధానంగా సూర్యుడే. ఈ భేదాన్ని పాఠ్యపుస్తకాలు స్పష్టం చేయడం అవసరం.

చిక్కు మరొకటుంది. ఐరోపాలో వేసవిలో నేలకు పంపిన వేడిని శీతకాలంలో ఇళ్లను వెచ్చబరచడానికి తిరిగి తోడుకుంటారు. హైదరాబాద్‌లో ఆ అవసరం దాదాపు లేదు. ఏటా వేడిని పంపడమే తప్ప తీసుకోవడం లేకపోతే బోర్ల చుట్టూ శిల క్రమంగా వేడెక్కి, వ్యవస్థ సామర్థ్యం తగ్గుతుంది. బోర్ల మధ్య దూరం పెంచడం, రాత్రివేళ శీతలీకరణ గోపురాలతో కొంత వేడిని గాలికి వదలడం దీనికి మార్గాలు. అయితే గచ్చిబౌలి ధరల్లో బోర్ల మధ్య దూరమంటే స్థలం కొనడమే.