సింహం బాగుంది... మొహమేదీ?

1994 నాటి "ది లయన్ కింగ్" కార్టూన్ బొమ్మని నేను పదిసార్లయినా చూసి ఉంటాను. చచ్చిపడివున్న తండ్రిని పిల్ల సింబా తట్టి లేపబోయే ఘట్టం వచ్చిందంటే చాలు, ఇప్పటికీ కర్చీఫు తియ్యాల్సిందే. మరి 2019లో జాన్ ఫావ్రో మళ్ళీ తీసిన చిత్రంలో అదే ఘట్టం చూస్తూ నేనేం చేశానో తెలుసా? జూలు వెంట్రుకలు లెక్కపెట్టాను!

అంత నిజంలా ఉంది మరి! "లైవ్ యాక్షన్" అని పేరేగానీ, అందులో అసలు కెమెరాతో తీసిన షాటు ఒకే ఒక్కటి... మొదట్లో వచ్చే సూర్యోదయం. తక్కినదంతా కంప్యూటర్ చలవే. పనితనానికి జోహార్లు. కానీ చిక్కంతా అక్కడే. నిజం సింహం కనుబొమలు ఎగరెయ్యదు, పెదవి విరిచి ఏడవదు. చిత్రకారులు గీతల్లో పలికించిన ఆ బెంగ, ఆ కోపం ఇక్కడ మొహం మీదికి రానేలేదు. ఇంగ్లీషులో ముఫాసాకి రెండుసార్లూ గొంతిచ్చింది జేమ్స్ ఎర్ల్ జోన్సే. గొంతు అదే, గుండె మాత్రం కదల్లేదు!

అదే ఫావ్రో 2016లో తీసిన "ది జంగిల్ బుక్" చూడండి. జంతువులు కంప్యూటర్‌వే అయినా, మధ్యలో మౌగ్లీగా నీల్ సేథీ అనే నిజం కుర్రాడున్నాడు. వాడు బెదిరితే మనమూ బెదిరాం. 1967 నాటి కార్టూన్ కంటే నాకిదే నచ్చింది. పాత బొమ్మ అభిమానులు తిట్టుకున్నా సరే!

అన్నట్టు, "లయన్ కింగ్" తెలుగు డబ్బింగులో టిమోన్‌కి అలీ, పుంబాకి బ్రహ్మానందం గొంతులిచ్చారు. హాలంతా ఒకటే నవ్వులు. ఆ అడవిపంది నోరు తెరిచినప్పుడల్లా నాకు కనిపించింది బ్రహ్మానందం మొహమే!