మంచుకొండకు పిల్లలతో ప్రయాణము

విశాఖపట్నమునందో వరంగల్లునందో పెరిగిన పిల్లవానికి మంచు అనగా మాఘమాసపు వేకువలో గడ్డిపరకలపై మెరయు బిందువులే. చేతితో ఉండ చుట్టదగిన మంచును అతడు చిత్రములందే చూచియుండును. అట్టి పిల్లలు హిమాలయపు వాలుపై మొదటిసారి కాలు మోపినపుడు పొందు సంతోషము అంతింత కాదు. వేసవి సెలవులలో ఎన్నో తెలుగు కుటుంబములు మనాలి, గుల్మార్గ్ వంటి తావులకు పోవుట ఇందుకొరకే. వెచ్చని సీమలో పుట్టిన పిల్లలు మంచులో ఆడుకొనరాదనుట సరికాదు. అయితే తల్లిదండ్రులు చలికి మాత్రమే భయపడి, ఉన్నిబట్టలు కొని, కొండ ఎత్తును గురించి ఆలోచింపకుండుట తరచుగా జరుగుచున్నది.

మనాలి సముద్రమట్టమునకు సుమారు 2,050 మీటర్ల ఎత్తున కలదు. వేసవిలో ఆ ఊర మంచు ఉండదు గనుక యాత్రికులు 51 కిలోమీటర్ల దూరమున నున్న రోహ్‌తాంగ్ కనుమకు పోవుదురు. దాని ఎత్తు 3,978 మీటర్లు. అక్కడ గాలి పలుచన. ఒక్కొక్క శ్వాసతో లభించు ప్రాణవాయువు, సముద్రతీరమున లభించు దానిలో సుమారు అయిదింట మూడు వంతులే. శరీరము ఈ లోటునకు అలవాటు పడగలదు గాని, అందుకు కొన్ని దినములు పట్టును. రాత్రియంతయు బస్సులో కూర్చుండి మనాలి చేరి, ఆ ఉదయముననే కనుమకు బయలుదేరువారు శరీరమునకు ఆ వ్యవధి నీయరు. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగము వలన లాహౌల్ లోయకు ఇప్పుడు త్వరగా చేరవచ్చును. ఆ సొరంగమే 3,000 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. మార్గము సులభమైనంత మాత్రమున ఎత్తు తగ్గదు.

కావున మనాలిలో రెండు రాత్రులు విశ్రమించి, పిల్లలు చక్కగా తిని నిద్రించుచున్నారని చూచుకొని, అటుపిమ్మట పైకి పోవుట మేలు. పైన కొద్ది గంటలు ఆడించి, రాత్రికి క్రిందికి దిగిరావలెను. 3,000 మీటర్లకు మించిన చోట బస చేయువారు, ఒకనాడు నిద్రించిన తావునకంటె మరునాడు నిద్రించు తావు 500 మీటర్లకు మించి ఎత్తు కాకుండ చూచుకొనవలెను. పసిబిడ్డలున్నవారు జనవరి, ఫిబ్రవరి మాసములలో వచ్చినచో, మనాలిలోను, దాపున నున్న సోలాంగ్ లోయలోను తరచుగా మంచు కురియును. అంత ఎత్తు ఎక్కు అవసరమే ఉండదు.

ఎత్తు పడని లక్షణములు సాధారణముగ కొన్ని గంటల తరువాత బయటపడును. తలనొప్పి, వికారము, నిద్రలేమి వానిలో ముఖ్యమైనవి. మాటలు రాని బిడ్డ తలనొప్పియని చెప్పలేదు. ఆట మానినను, పాలు ముట్టకున్నను, ఊరక ఏడ్చినను దానిని ప్రయాణపు బడలిక యని త్రోసివేయరాదు. ఇంకను పైకి పోక ఆగవలెను. బాధ తగ్గనిచో క్రిందికి దిగవలెను. కూర్చున్నను ఆయాసము తీరకపోవుట, నడకలో తూలుట, పిలిచిన సరిగా పలుకకుండుట ప్రాణాపాయ సూచనలు. అప్పుడు ఒక్క క్షణము జాగు చేయక దిగి, వైద్యుని చేరవలెను. 112 సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. కర్పూరపు మూట వాసన చూపినంతనే ప్రాణవాయువు పెరుగునని కొందరి నమ్మకము. అది నిజము కాదు. పైపెచ్చు, కర్పూరము మ్రింగిన పిల్లలకు అది విషము.

ఇక చలి మాట. పిల్లల శరీరము చిన్నది గనుక పెద్దలకంటె త్వరగా వేడిని కోల్పోవును. తడి ఆ నష్టమును మరింత పెంచును. నూలుబట్ట తడిసినచో ఒంటికి అంటుకొని వేడిని లాగివేయును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. కాబట్టి లోన పలుచని ఉన్నిబట్ట, దానిపై మందపు స్వెట్టరు, ఆపైన నీరు చొరని కోటు తొడుగవలెను. దారిలో అద్దెకు దొరకు బూట్లు లోపల తడిగా నున్నవేమో చేయి పెట్టి చూడవలెను. బిగుతైన మేజోళ్లు రక్తప్రసారమును అడ్డగించును. పొడి మేజోళ్లు, చేతి తొడుగులు ఒక జత అదనముగ సంచిలో ఉంచుకొనవలెను. వణకు పుట్టిన బిడ్డను వెంటనే వాహనములోనికి చేర్చి, తడిబట్టలు విప్పి, వెచ్చని పాలు త్రాగింపవలెను. వ్రేళ్లు తెల్లబారి మొద్దుబారినచో వానిని రుద్దరాదు, నిప్పున కాచరాదు. చంకలో నుంచి వెచ్చచేసి, వైద్యునకు చూపవలెను.

చలిలో ఎండ దెబ్బ యేమని కొందరికి తోచవచ్చును. క్రొత్త మంచు తనపై పడిన అతినీలలోహిత కిరణములలో నూటికి 80 వంతుల వరకు తిరిగి పైకి పంపును. నల్ల కళ్లద్దములు లేక రోజంతయు ఆడిన పిల్లలకు ఆ రాత్రి కన్నులు ఎఱ్ఱబడి, ఇసుక పడినట్లు మండును. కళ్లద్దములు, టోపీ, ముఖమునకు ఎండ తగులకుండ పూయు లేపనము అవసరములే. దప్పిక తోపకున్నను నీరు త్రాగించుచుండవలెను. త్రోవప్రక్క మంచును తిననీయరాదు.

అన్నిటికంటె పెద్ద అపాయము రాత్రి గదిలో పొంచియుండును. తలుపులు, కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారికి కార్బన్ మోనాక్సైడ్ వాయువు సోకును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. అది సోకినవారికి కలుగు తలనొప్పి, వికారము ఎత్తు పడని లక్షణములను పోలియుండుట వలన పోల్చుకొనుటయు కష్టము. నిద్రించు గదిలో కుంపటి ఎన్నడును ఉంచరాదు. దుప్పటి మరియొకటి అడిగి తెచ్చుకొనుట ఉత్తమము.

ఉబ్బసము, గుండెజబ్బు, సికిల్ సెల్ వ్యాధి గల పిల్లల విషయమున టిక్కెట్లు కొనుటకు పూర్వమే వైద్యుని సలహా పొందవలెను. ప్రయాణమునకు ఒకటి రెండు దినములు అధికముగ కేటాయించుకొన్న కుటుంబమునకు తొందర ఉండదు. పిల్లవాడు సగము దారిలో నలతపడినను, ఆనాటికి వెనుదిరిగి, అతడు తేరుకొన్న పిమ్మట మరియొకనాడు మంచు చూపుటకు వీలుండును.