మీకు తెలుసా? పెద్ద కళాశాలలు వదిలేసినా మేటి రిసీవర్లయ్యారు!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని పరుగెడుతూ అందుకునే ఆటగాడు వైడ్ రిసీవర్. కళాశాలల కోచ్‌లు ఇలాంటివారిని హైస్కూల్లో ఉండగానే వెతికి పట్టుకుంటారు.

● కోచ్‌లు ఆట వీడియోలు చూస్తారు. ఎత్తు, చేతుల పట్టు, 40 గజాల (దాదాపు 36.6 మీటర్ల) పరుగుకు పట్టే సమయం కూడా గమనిస్తారు. రిక్రూటింగ్ సంస్థలు కుర్రాళ్లకు గరిష్ఠంగా 5 నక్షత్రాల రేటింగ్ ఇస్తాయి.

● ఒకప్పుడు హైస్కూల్ ఆటగాళ్లు కళాశాలలతో ఒప్పంద సంతకాలు చేసేది ఫిబ్రవరిలోనే. 2017 నుంచి డిసెంబరులోనూ ఆ అవకాశం వచ్చింది.

● మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకు జెర్రీ రైస్‌కు అగ్రశ్రేణి కళాశాలలేవీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తర్వాత అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆయన బంతులు అందుకుని సాధించిన 22,895 గజాలే నేటికీ రికార్డు.

● వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన కూపర్ కప్‌దీ అదే కథ. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో చదివి, 2021 సీజన్‌లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అగ్రస్థానం సాధించాడు. ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అత్యంత విలువైన ఆటగాడూ అతడే.

● కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నత పురస్కారం హైస్మన్ ట్రోఫీ. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత దాన్ని మళ్లీ ఒక వైడ్ రిసీవర్ గెలిచింది 2020లోనే. ఆ విజేత అలబామా ఆటగాడు డివోంటా స్మిత్.

పదిహేడేళ్ల కుర్రాడిలో ఎదుగుదల ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని ముందే గుర్తించడంలోనే కోచ్ గొప్పతనం ఉంది.